మస్కట్ నుంచి వచ్చిన బీపీ గోలీలు

ఆరేళ్ల పాటు నేను ఒక మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా పనిచేశాను. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా నా ఏరియా. కంపెనీ నాకొక నల్లటి బ్యాగు, ఒక టై, పెట్రోలు ఖర్చు ఇచ్చింది. మే నెలలో టై కట్టుకుని కరీంనగర్‌లో బైకు మీద తిరిగినవాడికి నరకం గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ ఉండదు.

పని తేలికే. డాక్టరు గది బయట రోగులతో పాటు కూర్చోవాలి. వాళ్లంతా అయిపోయాక లోపలికి వెళ్లి, మా బీపీ గోలీ మిగతా కంపెనీల గోలీల కంటే ఎందుకు గొప్పదో రెండు నిమిషాల్లో చెప్పి రావాలి. లోపలి మందు అందరిదీ ఒకటే. బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను కనుక ఆ సంగతి నాకు తెలుసు. డాక్టరుకు తెలుసు. మా మేనేజరుకు మా ఇద్దరికంటే బాగా తెలుసు. అందుకని మేం మందు గురించి ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఏడాదికోసారి హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో మీటింగ్ ఉండేది. తెర మీద కంపెనీ లాభాల గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోయేది, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. అది ఎవరిదైనా బీపీ గీత అయితే ఆ మనిషిని అప్పటికప్పుడు ఐసీయూలో పడేసేవారు. "ఇది మీ అందరి చెమట" అన్నాడు ఒకసారి పెద్ద బాసు. ఏసీ బాగా పనిచేస్తోంది, ఎవరికీ చెమట పట్టలేదు.

చెమట సంగతి కాగజ్‌నగర్‌లో చూశాను. అక్కడి పేపరు మిల్లు మూతబడి ఉన్న రోజులవి. మందుల దుకాణంలో నిలబడి ఆర్డరు రాసుకుంటుంటే ఒక పెద్దాయన వచ్చి, "బీపీవి రెండు గోలీలియ్యి సేటూ" అన్నాడు. దుకాణదారు కత్తెర తీసుకుని మా కంపెనీ షీటులోంచి రెండు కత్తిరించి ఇచ్చాడు. మిల్లు మూతబడింది గాని బీపీ మూతబడలేదు. జైనూర్‌లో ఒక డాక్టరైతే నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "అంత మంచిగనే ఉన్నది తమ్మీ, గీ గోలి ధరెంత?" అని అడిగాడు. కంపెనీ ట్రైనింగులో మాకు నూట ఇరవై ప్రశ్నలకు జవాబులు నేర్పారు. అది వాటిలో లేదు.

ఆ ఆరేళ్లూ మా అవ్వకు, అంటే మా అమ్మకు, బీపీ గోలీలు ఉచితం. డాక్టర్లకు ఇవ్వాల్సిన శాంపిళ్లలో కొన్ని హుజూరాబాద్‌లోని మా ఇంట్లో దిగిపోయేవి. "అవ్వా, దీన్ని మించిన గోలి ఇండియాల లేదు" అని చెప్పి ఇచ్చేవాణ్ని. రోజంతా అదే మాట చెప్పిన నోరు ఇంటికి రాగానే ఆగుతుందా? అవ్వ ఆ మాటను వాడకట్టంతా మోసింది. కమిషన్ లేకుండా పనిచేసిన రిప్రజెంటేటివ్ మా కంపెనీకి ఆమె ఒక్కతే.

తర్వాత కంపెనీ టార్గెట్లు, నేను విడిపోయాం. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నాను, రోజూ హుజూరాబాద్ నుంచి బస్సులో పోయి వస్తాను. ఇంట్లో ఉన్న శాంపిళ్లు అయిపోయాక అవ్వ మొదటిసారి తానే దుకాణానికి వెళ్లి ఆ గోలీలు కొన్నది. తిరిగొచ్చి ఏమీ మాట్లాడలేదు. మా అవ్వ ఏమీ మాట్లాడకపోవడం ఎంత పెద్ద సంఘటనో నాకు అప్పుడే తట్టాల్సింది.

కొన్నాళ్లకు ఆమెకు కళ్లు తిరిగాయి. మా వాడకట్టులోని ఆర్ఎంపీ డాక్టరు పట్టీ చుట్టి చూసి నూట ఎనభై అన్నాడు. కరీంనగర్ తీసుకుపోతే పెద్ద డాక్టరు, ఈ మందు పనిచేయడం లేదని ఇంకో మందు రాశాడు. దాని ధర మొదటిదానికి రెండింతలు. మరుసటి నెల బీపీ నూట తొంభై. డాక్టరు మూడోది రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఈలోగా మా ఇంటామె ఇల్లు సర్దుతూ అవ్వ తమలపాకుల డబ్బా తెరిచింది. అడుగున కాగితం మడతలో గోలీల ముక్కలున్నాయి. మొదటి మందువి సగాలు. రెండో మందువి పావులు. ధర పెరిగినకొద్దీ ముక్క చిన్నదవుతూ వచ్చింది. డాక్టరుకు తెలియకపోయినా అవ్వ వైద్యం చాలా పద్ధతిగా నడుస్తోంది.

"ఏందవ్వా ఇది?" అన్నాను.

"ఏముంది, జర పొదుపుగ ఏసుకుంటున్న. మంచి గోలి గదా, ముక్క చాలు. దీన్ని మించింది లేదని నువ్వే అంటివి."

ముక్కల సంగతి వినగానే డాక్టరు రెండో మందు కొట్టేసి పాతదానికే తిరిగి వచ్చాడు. "సర్కారు దవాఖాన ముందు జెనరిక్ దుకాణం ఉంది, అక్కడ తీసుకోవచ్చా సార్?" అని అడిగాను. ఆయన అప్పుడు నన్ను పాత రిప్రజెంటేటివ్‌గా గుర్తుపట్టాడు. "అదే మందు. వాడుకోవచ్చు" అన్నాడు, మామూలుకంటే కాస్త తగ్గించిన గొంతుతో. అక్కడ నెల గోలీలు మా కాలేజీ ముందు రెండు చాయ్‌లు, రెండు సమోసాల ధరకు వచ్చాయి.

అవ్వ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు అక్షరాలు రావు గాని అంకెలు నాకంటే బాగా వచ్చు. "గింతేనా? సుద్దముక్కలు గాదు గదా?"

"ఒక్కటే మందు అవ్వా."

"ఒక్కటైతె గన్నేండ్లు బండేసుకోని ఎందుకు తిరిగినవ్ మరి?"

అప్పుడే నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను "అది వేరే" అన్నాను. అవ్వ ఆ షీటును దేవుడి పటం వెనక పెట్టి, ఖరీదు గోలీ పావుముక్క నోట్లో వేసుకుంది.

వారం తర్వాత మా బావ మస్కట్ నుంచి సెలవు మీద వస్తున్నట్టు కబురొచ్చింది. అక్కడ ఆయన ఒక గోదాములో పనిచేస్తాడు. మా వైపు మస్కట్ నుంచి వచ్చిన నొప్పుల బామ్ రాస్తే నొప్పి తగ్గడం కంటే ముందు గౌరవం మొదలవుతుంది. నాకు ఆలోచన తట్టింది. అదే దుకాణంలో అదే మందు వేరే రంగు షీటులో ఉన్నది వెతికి, మూడు నెలలకు సరిపడా తొమ్మిది షీట్లు కొని, ధర ముద్రించిన మూలలను కత్తెరతో కత్తిరించి, బావ దిగగానే బస్టాండులోనే ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వే తెచ్చినట్టు ఇయ్యి బావా."

"నాదేం పోయింది బామ్మర్దీ? నీ పైసలు, నా పేరు. గిసొంటియి ఇంకేమన్న ఉంటె గూడ చెప్పు."

"అత్తా, అక్కడ అరబ్బు షేకులు ఏసుకునే గోలీలు ఇవి" అన్నాడు బావ ఇంట్లో. అంత నటన నేను అడగలేదు. అవ్వ వెంటనే నిండు గోలీ వేసుకుంది. పావు కాదు, సగం కాదు. మరునాడు నేను నా తెలివికి నేనే ముచ్చటపడుతూ కాలేజీకి పోయాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. మస్కట్ నుంచి వచ్చింది ఏదైనా ఒక్క ఇంట్లో ఉండదు. సబ్బులు, ఖర్జూరాలు, సెంటు సీసాలు, అన్నీ వాడకట్టుకు పంచాల్సిందే. పంచకపోతే ఆ సెలవు ముగిసే దాకా మాట పడాలి.

సాయంత్రం నేను వచ్చేసరికి అవ్వ మొహం వెలిగిపోతోంది. "ఎనిమిది ఇండ్లకు తలా ఒక షీటిచ్చిన. ఒకటి మనకుంచిన."

"అవ్వా, అయి బీపీ గోలీలు!"

"అయితేంది? మస్కట్ గోలీలు, దేనికైన పనిచేస్తయ్."

పొద్దుగూకక ముందే వసూళ్లకు బయల్దేరాను. మొదటి ఇంట్లో, వరసకు పెదనాన్న అయిన, బట్టలు కుట్టే పెద్దబాపు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నడుము నొప్పికని రెండు వేసుకున్నాడట. ఆర్ఎంపీ అప్పటికే పక్కన కూర్చుని పట్టీ విప్పుతున్నాడు. ప్రమాదమేమీ లేదు, ఉప్పు వేసిన మజ్జిగ తాగించి పడుకోబెట్టమన్నాడు.

"మస్కట్ పవర్ బిడ్డా" అన్నాడు పెద్దబాపు నీరసంగా, భక్తిగా. "మన పానానికి ఆగలే."

ఎదురింటి పెద్దమ్మ షీటు ఇవ్వనంది. "పొద్దున ఒకటేసుకున్న, మోకాళ్ల నొప్పి మాయమైంది. ఇచ్చి మల్ల గుంజుకుంటరా? గిదేం పద్ధతి? మీ అవ్వను పంపియ్యి, మాట్లాడ్త."

"నీకు బీపీ లేదు గదా పెద్దమ్మా, అది ఏసుకోవద్దు."

"షేకులకు ఉన్నదా బీపీ? వాళ్లేసుకుంటలేరా?"

వాదన ఆమె వైపు బలంగా ఉంది. ఇంకో దారి లేక చెప్పేశాను. "అయి మస్కట్‌వి కావు. కరీంనగర్ల సర్కారు దవాఖాన ముంగట కొన్న. నెల గోలీలు రెండు చాయ్‌ల పైసలు."

"గియ్యా!" పెద్దమ్మ షీటును నా చేతిలోకి విసిరింది. "ముందుగాల జెప్పొద్దా?" అంటూ మోకాలు పట్టుకుని గడప మీద కూలబడింది. నొప్పి తిరిగి వచ్చింది.

ఆ కబురు నాకంటే ముందు నడిచింది. నాలుగో ఇంటికి చేరేసరికి మిగతా ఇళ్లవాళ్లు షీట్లు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఇంటికి తిరిగొచ్చేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకూ తెలిసిపోయింది. బావ ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి జారుకున్నాడు.

"నిజం జెప్పు ఇగ" అంది.

చెప్పాను. మందు ఒకటేనని, షీటు మీది ధరలో సగానికి పైగా మందుది కాదని, అందులో కంపెనీ లాభం ఉందని, హోటలు మీటింగుల ఖర్చు ఉందని, డాక్టర్లకు పంచిన గోడ గడియారాలున్నాయని. "నా ఆరేండ్ల జీతం గూడ గండ్లనే ఉన్నదవ్వా."

అవ్వ నా చేతిలోని షీట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. ఎనిమిదీ తిరిగి వచ్చాయి, మూడు గోలీలు తక్కువ.

"మరి దీన్ని మించిన గోలి లేదంటివి?"

"గది డ్యూటీ."

"డాక్టర్లకు గూడ గట్లనే జెప్పినవా?"

"ఆ."

"వాళ్లు నమ్మిన్రా?"

"గడియారాలు తీసుకున్నరు."

"నాకు గడియారం గూడ ఇయ్యకపోతివి" అంది అవ్వ. "నేనెందుకు నమ్మిన?"

జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. అంత మెల్లగా ఎవరూ తిట్టలేదు. నేను నేల చూస్తుంటే ఆమె లేచి లోపలికి పోయింది. కుండలో నీళ్లు ముంచుకున్న చప్పుడైంది. బయటికి వచ్చి, నా చేతిలోంచి ఒక షీటు లాక్కుని, ఒక గోలీ ఒత్తి తీసి, నేను చూస్తుండగా వేసుకుంది.

"నెల రోజులు చూస్త. దిగకపోతె ఇగ నీ మాట జన్మల వినను."

ఆ నెల రోజులూ నాకు పరీక్షల కాలమే. రోజూ సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే షీటులో ఖాళీ గుంతలు లెక్కపెట్టేవాణ్ని. తమలపాకుల డబ్బాలో చూసేవాణ్ని. వక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. నేను వెతకడం అవ్వకు తెలుసు. తెలిసి, డబ్బాను కావాలనే నా దారిలో పెట్టేది.

ముప్పయ్యో రోజు ఆర్ఎంపీ వచ్చాడు. పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, మళ్లీ కొట్టాడు. అప్పుడు నా బీపీ చూసి ఉంటే నూట తొంభై దాటేది.

"నూట ముప్పై ఆరు" అన్నాడు ఆశ్చర్యంగా. "మంచిగ దిగింది గదా అవ్వా! ఏం గోలి వాడుతున్నవ్? పెద్ద కంపెనీదా?"

"కాదు సారూ. సర్కారు దవాఖాన ముంగట దొరుకుతది, అగ్గువ ధరది" అంది అవ్వ, నా వైపు చూడకుండా. "నిండు గోలి ఏసుకుంటున్న."

ఆ 'నిండు' అన్న మాటను మాత్రం ఎదురింటి పెద్దమ్మకు వినపడేంత గట్టిగా అంది.