నేను మసకగా తీసిన ముహూర్తం

పెళ్లి వీడియోలు తీయడంలో నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఆ అనుభవమే నన్ను ముంచింది.

మా పాత వీడియో కెమెరా లెన్స్‌కు ఒక మంచి గుణం ఉండేది. జూమ్ చేసి పెళ్లికూతురి ముక్కుపుడక మీద ఫోకస్ పెట్టి, మంటపమంతా కనబడేదాకా వెనక్కి వచ్చినా ఫోకస్ చెదిరేది కాదు. పెట్టామంటే పెట్టినట్టే. బ్రూస్‌పేటలోని నా స్టూడియోకు కొత్త కెమెరా కొన్నప్పుడు అంగడతను ముందే చెప్పాడు.

"ఇది ఫోటోల లెన్స్ అన్నా. జూమ్ మారిస్తే ఫోకస్ మళ్లా పెట్టుకోవాల. లేదంటే ఆటోలో ఇడిసిపెట్టు."

ఫోకస్ కూడా మిషనే చూసుకుంటే ఇక నేనెందుకు? ఆటో ఆపేశాను.

దాంతో తీసిన మొదటి పెళ్లి సిరిగేరి అనే పల్లెలో. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించుకుంటున్న కుటుంబం. ముందురోజే పెళ్లికూతురు నన్ను పక్కకు పిలిచింది. తల్లి లేని ఆ పిల్లను పెంచింది మేనత్త. ఆమె భర్త పోయాడు. శుభకార్యమంటే ఎవరూ అనకముందే తనే తప్పుకుంటుంది.

"మా అత్త కెమెరా చూస్తే పారిపోతాది అన్నా. ఒక్కదాంట్లో అయినా పడాల."

"నేను చూసుకుంటా లేమ్మా," అన్నాను.

ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే చేతుల మీద ఫోకస్ పెట్టి, అలవాటు కొద్దీ మెల్లగా వెనక్కి వచ్చాను. అయ్యాక కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే వధూవరులిద్దరూ మసక. వెనక గోడ మాత్రం అద్భుతంగా వచ్చింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

నిజం చెబితే పేరు పోతుంది. "పంతులుగారు అడ్డమొచ్చినారు. ఇంకొక్కసారి పెట్టాల," అన్నాను. దండలు ఎన్నిసార్లు మార్పించినా ఎవరూ ఏమీ అనరు. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టాలనేసరికి పెద్దలంతా పంతులుగారి మీద విరుచుకుపడ్డారు. కూర్చున్నచోటు నుంచి కదల్లేదని ఆయన మొత్తుకున్నా వినలేదు. రెండోసారి బ్రహ్మాండంగా వచ్చింది. దాన్నే ఇచ్చాను.

కొన్నాళ్లకు పెళ్లికూతురు స్టూడియోకు వచ్చింది.

"అంతా చూసినా అన్నా. మా అత్త యాడా లేదు."

కెమెరా మెమరీ కార్డులన్నీ వెతికాను. నేను దాచేసిన ఆ ఒక్క ముక్కలోనే దొరికింది. మంటపం వెనక, గోడకు ఆనుకుని, గుప్పిట్లో అక్షింతలతో నిలబడి ఉంది. అక్కడినుంచే విసిరింది. అవి మంటపం దాకా రాలేదు. ఏడుస్తూ నవ్వుతోంది. చెంప మీద తడి కూడా కనబడుతోంది.

అది చూపిస్తే పంతులుగారు ఎక్కడా అడ్డం రాలేదని తెలిసిపోతుంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చూపించాను.

ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుని చూసింది. "పంతులుగారిని ఉత్తపుణ్యానికి తిట్టించినావన్నా," అంది. అవునన్నాను. "పోయి ఆయప్పకు చెప్పుకో. ఇది మాత్రం ఫోటోగా పెద్దది చేసియ్యి," అంది.

రెండు పనులూ చేశాను. పంతులుగారు ఇప్పటికీ మాట్లాడరు. ఫోటో ఆ పిల్ల మెట్టినింట్లో, వీధి తలుపు పైన, లోపలివైపు ఉంది. వధూవరులెవరో పోల్చుకోవడం కష్టం. ఏ స్టూడియో అని అడిగినవాళ్లందరికీ నా అడ్రసు చెబుతుందట.

ఆ ఇంట్లో ఎవరు ఏ శుభకార్యానికి బయల్దేరినా, గడప దాటేముందు మేనత్త ముఖం చూసే వెళ్లాలి.