రెండో చరణంలోని గుంత

లైన్‌మన్ ఉద్యోగంలో దయ్యాలను నమ్మితే బతకలేం. గాలివానకు తీగ తెగిందంటే అది శ్మశానం పక్కనా, పాడుబడ్డ బావి పక్కనా అని ఎవరూ అడగరు, పోయి కట్టి రమ్మంటారు. బెల్లంపల్లి చుట్టూ మూతపడ్డ గనుల దారుల్లో ఎన్నోసార్లు ఒక్కడినే తిరిగాను. కుక్కలు తప్ప నాకు ఏవీ ఎదురుకాలేదు. దయ్యం కథలు చెప్పేవాళ్ళను ఆటపట్టించడం నాకు సరదా కూడా.

ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను చేసిన పని ఒకటి ఉంది. అది చేశాక జరిగింది ఒకటి ఉంది. రెండూ ఉన్నవి ఉన్నట్టు చెబుతాను.

మా అక్కది ధర్మపురి దగ్గర పల్లె. బావ మల్లేశం కొన్నేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. అందరూ బంగారమో టీవీయో తెచ్చుకుంటే ఆయన కీబోర్డు తెచ్చుకున్నాడు. అక్క చాలా రోజులు అలిగింది. బావ మాత్రం దాన్ని భజనకు మోసుకెళ్ళి వాయించేవాడు.

గొప్పగా వాయించేవాడని చెప్పను. నర్సింహస్వామి మీద ఆయనకు ఇష్టమైన పాట ఒకటి ఉండేది. అందులో రెండో చరణం మలుపు దగ్గర ప్రతిసారీ ఆయన వేలు పక్క మెట్టు మీద పడేది. ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ అందుకునేవాడు. "మల్లేశం బండికి గుంత అచ్చింది" అని భజనలో అందరూ నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

బావ గుండెపోటుతో పోయాడు. ఫోటోలు చాలా ఉన్నాయి గానీ, ఆయన వాయిస్తుంటే ఫోన్‌లో పట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. మిగిలిందల్లా ఆ కీబోర్డు లోపల ఆయనే రికార్డు చేసి పెట్టుకున్న ఆ ఒక్క పాట. రోజూ పొద్దుగూకగానే దీపం పెట్టి, అక్క స్విచ్ వేసి, ఆయన నేర్పిన రెండు బటన్లు నొక్కేది. పాట అయ్యేదాకా అక్కడే కూర్చునేది. గుంత దగ్గర చిన్నగా నవ్వుకునేది. ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది.

ఒకరోజు ఫోన్ చేసింది. "తమ్మీ, బావ పెట్టె ఆన్ జేస్తే ఏదో ఇంగ్లీషుల అస్తుంది. జర అచ్చి సూడు."

వెళ్ళి చూశాను. లోపలి బ్యాటరీ అయిపోవచ్చిందని తెర మీద వస్తోంది. నాకు నవ్వొచ్చింది. పదకొండు వేల వోల్టుల లైన్లతో పని నాది, ఇది చూస్తే రూపాయి బిళ్ళంత సెల్లు. ధర్మపురిలో గడియారాల కొట్టుకు పోయి కొత్తది తెచ్చాను. అక్క పసుపు చేనుకు పోయింది. తను వచ్చేలోపు పని ముగించేద్దామని కూర్చున్నాను.

మా పనిలో మొదటి పాఠం, సప్లై తీయకుండా చెయ్యి పెట్టకూడదని. అది మరిచినవాళ్ళను స్తంభాల మీంచి దించిన చేతులు ఇవి. అలవాటు ప్రకారం ముందు గోడ స్విచ్ ఆపాను. అడాప్టర్ పీకాను. అడుగున మూత విప్పి, పాత సెల్లు తీసి కొత్తది పెట్టాను. ఆన్ చేస్తే హెచ్చరిక పోయింది. అక్క నొక్కే రెండు బటన్లూ నొక్కాను. పాట రాలేదు. ఖాళీ అని చూపించింది.

ముందు చూడాల్సిన వీడియో అప్పుడు చూశాను. అడాప్టర్ పెట్టి, కీబోర్డు ఆన్‌లో ఉంచే ఆ సెల్లు మార్చాలట. కరెంటూ లేక, సెల్లూ లేకపోతే లోపల దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుందట. ఇన్నేళ్ళూ నా ప్రాణం కాపాడిన అలవాటే అక్కకు బావను రెండోసారి దూరం చేసింది.

అక్క వచ్చాక కాళ్ళు పట్టుకుని చెప్పాల్సింది. దానికి బదులు కీబోర్డును దుప్పట్లో చుట్టి, బావ పాత బండికి కట్టుకుని, పక్క ఊళ్ళో రాజలింగం ఇంటికి పోయాను. బావకు ఆ పాట నేర్పింది ఆయనే. సంగతి చెప్పి, అదే పాట కీబోర్డులో అదే చోట రికార్డు చేయమని బతిమాలాను.

"గిది మంచి పని గాదు తమ్మీ" అన్నాడాయన. అన్నాడే గానీ, నా మొహం చూసి వాయించాడు. చెయ్యి తిరిగినవాడు, ఒక్క తడబాటు లేదు. ఇద్దరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నాం. బాగా వచ్చిందని నేనే అన్నాను.

సగం దారికి వచ్చాక గుంత గుర్తొచ్చింది. బండి ఆపేశాను. అక్క ఎదురుచూసేదే ఆ తప్పు కోసం, నేను ఆ తప్పే లేని పాట పట్టుకుపోతున్నాను. వెనక్కి తిప్పుదామనుకునేలోపు అక్క ఫోన్. చేను నుంచి వచ్చేసిందట, పెట్టె ఏదని అడుగుతోంది. బాగుచేయించి తెస్తున్నానన్నాను. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు.

అక్క దీపం పెట్టింది. స్విచ్ వేసి బటన్లు నొక్కింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. మొదటి చరణం అయింది. రెండో చరణం మొదలైంది. ఇక దొరికిపోతానని తల దించుకున్నాను.

మలుపు దగ్గర పక్క మెట్టు మోగింది. ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ అందుకుంది.

"సూసినవా, మీ బావ గీడ ఆగకుంట పోడు" అని నవ్వింది అక్క.

బయటికి పోయి రాజలింగానికి ఫోన్ చేశాను. బావలాగా తప్పు వాయించావా అని అడిగాను. "నువ్వు గూడ ఇన్నవ్ గదనే, యాడ తప్పిన?" అన్నాడు. నిజమే. నేనూ విన్నాను.

ఆ రాత్రి అక్క కోడిని కోసి వండింది. పక్కింటావిడను పిలిచి, మా తమ్మి లేకపోతే పాట పోయేదని చెప్పింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. అది బావ వాయించింది కాదక్కా అనాలి. కానీ అది బావది కాకపోతే ఆ గుంత ఎక్కడిది? ఏది చెబితే నిజమవుతుందో నాకే తెలియలేదు.

పాత రికార్డు ఎక్కడో మిగిలే ఉందని మా ఆఫీసులో ఒకరు అన్నారు. మిగిలితే రాజలింగం ఇంట్లో విన్నది ఏమిటి? భయంతో నాకు అలా వినిపించిందని ఇంకొకరు అన్నారు. మరి అక్కకు ఏ భయం ఉందని? తర్వాత ఒకసారి అక్క పాట పెట్టినప్పుడు రికార్డు చేద్దామని ఫోన్ తీశాను. బటన్ నొక్కలేకపోయాను. ఫోన్‌లో గుంత రాకపోతే అక్క మొహం ఎలా చూడాలి? వస్తే నా మొహం నేను ఎలా చూసుకోవాలి? జేబులో పెట్టేసుకున్నాను.

ఐదేళ్ళు రావాల్సిన సెల్లు. ఏడాది తిరక్కుండానే మొన్న అక్క ఫోన్ చేసింది. తెర మీద మళ్ళీ అదే వస్తోందట.

ఈసారి ఎలా మార్చాలో నాకు తెలుసు. అడాప్టర్ పెట్టాలి, ఆన్‌లో ఉంచాలి. కొత్త సెల్లు కొని చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నాను. ధర్మపురి బస్సు మాత్రం ఇంకా ఎక్కలేదు. ఫోన్ పెట్టేసే ముందు అక్క అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

"పోయినసారి చేసినట్టే చెయ్యి తమ్మీ. మంచిగ చేసినవ్."