అద్దెగదిలో అరరాత్

ఎస్టేటు పోయాక చోడవరంలోని మా ఇంటి ముందుగదిని, మిల్లు పనిమీద కలకత్తా నుంచి వచ్చిన ఆర్మేనియన్ ఇంజనీరుకు అద్దెకిచ్చాను. ఆ సంగతి బంధువులెవరికీ చెప్పలేదు. ఒకనాడు మాడుగుల నుంచి బావ వస్తే, ఇంజనీరు లేరు కదా అని ఆ గదిలోనే కూర్చోబెట్టాను.

“గోడమీద ఆ మంచుకొండ ఏటి బావా?”

“కైలాసం. తాతగారు తెప్పించారు.”

బావ పటానికి దణ్ణం పెడుతుండగా ఇంజనీరు గుమ్మంలోకి వచ్చారు. నాకు తప్పించుకునే దారి లేదు.

“అరరాత్,” అన్నారాయన వచ్చీరాని తెలుగులో. “అగ్నిపర్వతం. మాకు పవిత్రం. ఇప్పుడు టర్కీలో ఉంది. మావాళ్ళు సరిహద్దు ఇవతల నుంచే చూస్తారు. అయినా మా కొండే.”

“తాతగారి కైలాసం అన్నావు గదేటి బావా? ఇంతకీ ఈ బాబెవరు?”

“మా ఇంట్లో అద్దెకుంటున్నారు,” అన్నాను. “పటమూ ఆయనదే.”

పోయినదాన్ని పోయిందని ఒప్పుకుని కూడా తలెత్తుకు నిలబడవచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.