ఆయన గొంతు బూటయ్యేలోపు

మా ఆయన మాట్లాడాలంటే ముందు ప్లగ్గు పెట్టాలి. గొంతులో వచ్చిన జబ్బుకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి గట్టిగానే ఉన్నారు, మాట ఒక్కటే పోయింది. అప్పట్నుంచీ ఏం చెప్పాలన్నా లాప్‌టాప్‌లో టైపు చేస్తారు, అది తెలుగులో పైకి చదువుతుంది. విజయవాడలో పెళ్ళికార్డులు అమ్మే సందులో, ఆ కార్డుల మీద అక్షరాలు కూర్చే డీటీపీ కొట్టు నడిపిన మనిషి కాబట్టి, ఆ పాత తెలుగు కీబోర్డు మీద మనం మాట్లాడేంత వేగంగా కొట్టగలరు. ఫోన్‌లో మాట్లాడించొచ్చు కదండీ అని మా ఇంట్లో కాఫీ తాగి వెళ్ళిన ప్రతివాళ్ళూ సలహా ఇచ్చారు. ఆ గాజు తెర మీద ఆయన వేళ్ళు దారి తప్పుతాయి. ఒక్క నమస్కారం కొట్టేసరికి విసుగొచ్చి ఫోన్‌ని సోఫాలోకి విసిరేస్తారు. కాగితం మీద రాస్తే ఆ కోడిగీతలు ఆయనకే అర్థం కావు.

పోనీ లాప్‌టాప్ మంచిదా అంటే అదీ కాదు. బ్యాటరీ ఉబ్బితే తీయించేశాం. ప్లగ్గు పీకారా, అంతే, మళ్ళీ మొదటినుంచీ లేవాలి. పైగా ఇబ్రహీంపట్నంలో మా వీధి వాళ్ళకొక అలవాటు ఉంది. ఎక్కడో దూరంగా ఉరుము వినబడితే చాలు, వరసగా అన్ని ఇళ్ళలోనూ మెయిన్ దించేస్తారు. మేము దించకపోతే పక్కింటావిడ గోడ మీంచి కేకేసి మరీ దింపిస్తుంది. ఉరిమిందంటే మా ఆయన నోరు మూసుకుపోయినట్టే.

నేను ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. విండోస్‌ని ఆ పాత మిషన్ మోయలేకపోతోందని, దాని బదులు లైనక్స్ ఎక్కించింది నేనే. అందులో బోలెడు రకాలున్నా, అందరూ వాడుతున్నారు కదా అని పెద్ద రకమే ఎక్కించాను. బాగానే పనిచేసేది, లేచాక. లేవడానికే దాని తాత దిగి రావాలి. నల్ల తెర మీద ఏదో పని మొదలవుతోంది, ఆగండి అని ఒక వరుస పడి, దాని పక్కన ఎర్ర చుక్కలు అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. ఏ పని, ఎవరి కోసం ఆగాలి, అదేమీ చెప్పదు. నిమిషమున్నర దాటాక దానికే విసుగొచ్చి వదిలేస్తుంది.

ఆ నిమిషమున్నరలోనే మా కొట్టు పోయింది.

మా మరిది చల్లపల్లిలో ఉంటాడు. చెడ్డవాడు కాదు, నోరే ఆగదు. ప్రశ్న తనే వేస్తాడు, జవాబు తనే చెప్తాడు, తల కూడా తనే ఊపుతాడు. ఒక ఆదివారం బస్సు దిగి వచ్చి, అన్నయ్య ఇక కొట్టుకి వెళ్ళలేడు కదా వదినా, ఆ కొట్టులో నేను కర్రీ పాయింట్ పెట్టుకుంటాను అన్నాడు. పప్పు, వేపుడు, సాంబారు ప్యాకెట్లు కట్టి అమ్మడం. ఆ సందులో మధ్యాహ్నం ఎంతమంది గిరాకీ ఉంటారో చెప్పుకుంటూ పోయాడు. మా ఆయన గబగబా లాప్‌టాప్ తెచ్చి ప్లగ్గు పెట్టారు. ఎర్ర చుక్కలు మొదలయ్యాయి. "ఏం అన్నయ్యా, నీకు అభ్యంతరమేం లేదుగా" అని అడిగి, లేదన్నట్టు తనే తలూపి, శ్రావణంలో ముహూర్తం చూసుకుంటానని చెప్పి, బస్సుకి టైమైందని లేచాడు మా మరిది. చెప్పులేసుకుని గేటు దాటాక గానీ తెర వెలగలేదు. మా ఆయన మూత ధడాలున వేసేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. కొట్టు పోతుందనే మీ బెంగ అన్నాను. ఏదో చెప్పబోయి చెయ్యి ఎత్తారు. నాకు తెలుసులెండి, మీరు చెప్పక్కర్లేదు అని ఆ చెయ్యి దింపేశాను. శ్రావణం రావాలంటే మధ్యలో ఆషాఢం ఉంది. మా మరిది మళ్ళీ వచ్చేలోపు ఆయన గొంతు క్షణాల్లో లేచేలా చేసి, ఆయన నోటితోనే వద్దు అనిపించాలని పంతం పట్టాను.

ఆలస్యమంతా ఇనిట్ దగ్గరే. ఇనిట్ అంటే ఏమిటో ల్యాబ్‌లో పిల్లలకి నేనే చెప్తుంటాను. కంప్యూటర్‌లో అందరికంటే ముందు లేచే ప్రోగ్రాము అది. ఉమ్మడి కుటుంబంలో తెల్లారుజామున ముందుగా లేచి పొయ్యి వెలిగించి మిగతావాళ్ళని లేపే పెద్దకోడలు లాంటిది. మా మిషన్‌లో ఉన్న పెద్దకోడలు సిస్టమ్‌డీ. పెద్ద కంప్యూటర్లలో చక్కగా చేస్తుందట, కాదనను. మా ముసలి మిషన్‌లో మాత్రం ఎవరో ఒకరు లేవలేదని వాకిట్లో నిలబడిపోయేది. సరే, ఇంకో పెద్దకోడలు ఉన్న తేలికపాటి లైనక్స్ వెతుకుదామని కూర్చున్నాను. దొరికిన రకాలు చూసి కళ్ళు తిరిగాయి. ఒకదాన్నుంచి ఇంకోటి చీలిపోయి, దాన్నుంచి మరొకటి చీలిపోయి, మన వైపు దాయాదుల తగాదాలు కూడా ఇంత గజిబిజిగా ఉండవు.

ఇంటర్నెట్‌లో ఒక చర్చా వేదికలో అడిగాను. పాత లాప్‌టాప్, తెలుగు మాట్లాడాలి, గబుక్కున లేవాలి, ఏది మంచిదండీ అని. పెద్ద తప్పే చేశాను. మొదటాయన సిస్టమ్‌డీ తీసేయడం మంచి నిర్ణయమని మెచ్చుకున్నాడు. రెండో ఆయన అదంతా మూఢనమ్మకమని కొట్టిపారేశాడు. అక్కడినుంచి వాళ్ళిద్దరూ ఒకరి తెలివి మీద ఒకరు పడి, స్వేచ్ఛ అంటే ఏమిటి, కంప్యూటర్ ఎవరిది అంటూ పేజీలు పేజీలు నింపారు. మా ఆయన గొంతు సంగతి ఒక్కడూ ఎత్తలేదు. మధ్యలో ఒకాయన మాత్రం, కొత్త మిషన్ కొనుక్కోండి అని ఉచిత సలహా పడేసి పోయాడు. ఒళ్ళు మండిపోయి ఆ వేదికలోకి మళ్ళీ తొంగి చూడలేదు.

నాకు నేనే ఒక రకం ఎంచుకుని ఎక్కించాను. అబ్బ, ఎంత తొందరగా లేచిందో! సంబరపడి ఆయన్ని పిలిచాను. ఆయన కూర్చుని టైపు చేస్తే తెర మీద అన్నీ డబ్బాలే. తెలుగు ఫాంట్ లేదు. అది ఎక్కించాను. ఆయన పాత కీబోర్డు వరస లేదు. దాన్ని ఎక్కడెక్కడో వెతికి తెచ్చి పెట్టాను. ఇప్పుడు అక్షరాలు పడ్డాయి, ఒత్తులు కుదిరాయి, ఆయన ఒక వాక్యం కొట్టి చదవమని మీట నొక్కారు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు. లేదు. అంతకుముందున్న పెద్దకోడలు లేపేవాళ్ళలో శబ్దం సంగతి చూసే ప్రోగ్రాము కూడా ఉండేదట. ఇక్కడ దాన్ని ఎవరూ లేపరు, మనమే లేపుకోవాలి. మా ఆయన తెరవైపు వేలు చూపించి, తర్వాత తన గొంతువైపు చూపించి, భుజాలు ఊగేలా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తల ప్రాణం తోకకొచ్చి ఇది కూడా మూగదేనా అని నోరు జారాను. ఆయన ఇంకా ఎక్కువ నవ్వారు.

రెండో రకం శబ్దం చేసింది గానీ వైఫైని గుర్తుపట్టలేదు. పోన్లే అనుకుంటే, ఆ మాటలు చదివే ప్రోగ్రాము అందులో సరిగ్గా కుదరక ప్రతి వాక్యం చివరి మాట మింగేసేది. తెలుగులో చివరి మాట మింగేస్తే ఇంకేం మిగులుతుంది? వస్తానన్నాడో రానన్నాడో చివర్లోనే కదా తెలిసేది. ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. ఇంట్లో పచ్చడి పట్టడం మానేశాను, గోరింటాకు పెట్టుకోవడం మానేశాను. వంట కూడా ఆయనే చేసి కంచం నా పక్కన పెట్టి వెళ్ళేవారు. ఒకటి రెండుసార్లు నా భుజం తట్టి, కాసేపు మిషన్ నాకియ్యి అన్నట్టు సైగ చేశారు. సగం పనిలో ఉంది, ఇప్పుడు ముట్టుకుంటే అంతా మొదటికొస్తుందండీ అని కసురుకున్నాను. నిజంగానే సగం పనిలో ఉండేది, ఎప్పుడు చూసినా.

మూడో రకంలో ఇనిట్ పేరు రన్నిట్. చిన్నది, దాని లోకం దానిది. ఎవరిని లేపాలో వాళ్ళ పేరున ఒక ఫోల్డరు, అందులో రెండు మూడు లైన్లు, అంతే. చదివితే అర్థమైంది, అదే నాకు పెద్ద వింత. శబ్దాన్ని లేపడానికి ఒకటి రాసుకున్నాను, మాటలు చదివేదాన్ని లేపడానికి ఇంకోటి. తప్పు రాసినప్పుడు ఫలానా చోట తప్పని మొహమ్మీదే చెప్పింది. ఆషాఢం వెళ్ళేలోపు దాన్ని ఒక దారికి తెచ్చాను. ప్లగ్గు పెట్టి, మీట నొక్కి, కుర్చీ లాక్కుని కూర్చునేసరికి సిద్ధంగా ఉంటోంది. ఉరిమినప్పుడు మెయిన్ దించేసి, మళ్ళీ ఎత్తి కూడా చూశాను. లేచింది. ఆ గొంతు బస్టాండు మైకులో వచ్చేదాని కంటే మొద్దుగా ఉంటుంది. ఉండనీ, ఎవరికి కావాలి తీపి.

మా మరిది వచ్చాడు. ఈసారి చేతిలో మామిడికాయలు, జేబులో ముహూర్తం. ముహూర్తం కుదిరింది వదినా, బోర్డు కూడా రాయించేస్తున్నాను అంటూ గుమ్మంలోనే మొదలుపెట్టాడు. నేను ప్లగ్గు పెట్టాను. మా ఆయన కూర్చున్నారు. తెర వెలిగింది, ఎర్ర చుక్కల్లేవు, ఆగమనడాల్లేవు. నా గుండె నిండిపోయింది. ఇన్ని ఆదివారాలు ఈ ఒక్క క్షణం కోసమే పడ్డాను కదా అనుకున్నాను.

"అన్నయ్యా, మరి తాళం ఇచ్చేస్తావా" అని అడిగాడు మా మరిది.

ఆయన వేళ్ళు కీబోర్డు మీదకి వెళ్ళాయి. టకటక మొదలైంది. ఆ కాస్త చప్పుడు కూడా నేను ఓర్చుకోలేకపోయాను.

"ఇవ్వరయ్యా," అన్నాను. "ఆ కొట్టు ఆయన ప్రాణం. నువ్వు అడిగిన రోజు అన్నం ముట్టలేదు. మాట పోతే మనిషి పోయాడనుకున్నారా మీరంతా? ఆయన చెప్పలేకపోయారు కాబట్టి నేను చెప్తున్నాను, ఇవ్వరు."

మా మరిది మొహం మాడిపోయింది. మామిడికాయల సంచి కింద పెట్టాలో పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. మా ఆయన నా వైపు చూడలేదు. టైపు చేయడం ఆపలేదు కూడా. పూర్తయ్యాక మీట నొక్కారు. ఆ మొద్దు గొంతు ఎక్కడా తడబడకుండా, చివరి మాట కూడా మింగకుండా చదివింది.

"తాళం ఇస్తాను రా, తీసుకో. ఆ పెళ్ళికార్డులు నాకు ఎప్పుడో విసుగొచ్చేశాయి. ఆ రోజే చెబుదామనుకున్నాను. మీ ఇద్దరిలో ఒక్కరూ ఆగలేదు."

మా మరిది మామిడికాయల సంచి కింద పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆయన మళ్ళీ కీబోర్డు మీదకి వంగారు. ఈసారి పొడుగ్గా కొడుతున్నారు, మధ్యలో చెరిపి మళ్ళీ కొడుతున్నారు. విసుగొస్తే నాతో ముందే చెప్పొచ్చుగా, ఇన్నాళ్ళూ నన్నెందుకు తిప్పలు పెట్టారు, రేపట్నుంచీ ఏం చేస్తారు మరి, అన్నీ నా నాలుక చివరే ఉన్నాయి. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన మీట నొక్కేదాకా కూర్చున్నాను.