దొడ్డమ్మ వత్తులు, నా నాలుగు వందల పుటలు

పరీక్షలో నెగ్గినవాడికీ, వాదనలో నెగ్గినవాడికీ లోకంలో ఇక నేర్చుకోవలసినదేమీ మిగలదని రాజమహేంద్రవరం కాలేజీ కుర్రాళ్ళం గట్టిగా నమ్మిన రోజులవి. ప్రతి శనివారం మధ్యాహ్నం మా వక్తృత్వ సభ జరిగేది. అందులో నేను లేచి నిలబడితే మొదటి కారణం, రెండవ కారణం, మూడవ కారణం అంటూ ఎదుటి పక్షంవాడు కూర్చునేదాకా మాట్లాడేవాణ్ణి. (ఆకలికి తాళలేక కూర్చున్నవాళ్ళను కూడా నా విజయాలలోనే కలుపుకున్నానేమోనని ఇప్పుడు అనుమానం.) సభలోనే కాదు, తద్దినం పెట్టించే పురోహితుణ్ణీ, ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ ఆపిన సరంగునూ, చివరకు మంగలినీ "ఎందుకండి?" అని నిలదీసేవాణ్ణి కనుక స్నేహితులు నాకు 'ఎందుకండిగారు' అని పేరు పెట్టారు. వాళ్ళు వెక్కిరింపుగా పెట్టిన ఆ పేరును నేను బిరుదుగా స్వీకరించాను.

అటువంటి నేను ఒక నవల రాశాను. ఎనిమిదేళ్ళకే వైధవ్యం వచ్చిన ఒక బాలిక పెరిగి పెద్దదై, నిండు సభలో పండితులందరినీ ఓడించడం అందులోని కథ. ఆమెకు విజ్ఞానవతి అని పేరు పెట్టాను. ఏడాదిన్నర శ్రమపడి, నాలుగు వందల పుటలు నింపి, చివరి పుటలో 'సంపూర్ణము' అని రాసి కింద గీత గీశాను. గీత వంకరగా వచ్చిందని ఆ పుట మొత్తం తిరగరాశాను. దిద్దుబాటు అంటే అంతేనని అప్పటి నా అభిప్రాయం.

ఆ కట్టను అచ్చుకూటం పంతులుగారి దగ్గరకు మోసుకుపోయాను. ఆయన వారం రోజులు ఉంచుకుని, కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, "బాబూ, ఇది నవలంటారా, కోర్టులో దాఖలు చేసే కాగితమంటారా?" అన్నారు. నేను మొదటి కారణం ఎత్తుకోబోతే చెయ్యి అడ్డుపెట్టారు. "వాదించకండి. సగానికి తగ్గించి శివరాత్రిలోగా తెస్తే వేస్తాను. ఆ తరువాత పంచాంగాల పని మొదలవుతుంది, అది అవగానే బడి పుస్తకాలు. ఇంక ఏడాది దాకా మీ మొహం నేను చూడను, నా మొహం మీరు చూడక్కర్లేదు." ఏడాది ఆగే వీలు నాకు లేదు. ఈ పుస్తకం అచ్చు కాకపోతే వేసవిలో కాకినాడ వెళ్ళి కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేరతానని మా నాన్నగారికి మాట ఇచ్చి ఉన్నాను. ఇచ్చిన మాట తప్పడం నా సిద్ధాంతానికి విరుద్ధం. నా వాదనలలో ఒక్కటి తీసివేయడం కూడా సిద్ధాంతానికి విరుద్ధమే. ఇలా రెండు సిద్ధాంతాల నడుమ ఇరుక్కుని ఇంటికి వచ్చాను.

ఇల్లంటే మా దొడ్డమ్మ ఇల్లు. మా అమ్మకు అక్కగారు. ఆవిడకూ చిన్నతనంలోనే భర్త పోయాడు. ఇన్నీసుపేటలో ఒక చిన్న పెంకుటింట్లో ఉంటూ, నాకు మూడేళ్ళుగా అన్నం పెడుతోంది. అక్షరం చదవలేదు కాని, పురాణకాలక్షేపాలలో విన్నది విన్నట్టు అప్పజెప్పగలదు. ఆ ఏడు శివరాత్రికి స్వామి దగ్గర లక్ష వత్తులు వెలిగిస్తానని మొక్కుకుని, కిందటి శివరాత్రి నుంచీ ఆ పనిలోనే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో కూర్చుని, వేళ్ళకు విభూది అద్దుకుని, దూదిని వత్తులుగా చేసేది. నూరు కాగానే దారంతో కట్ట కట్టి బుట్టలో వేసేది. ఎక్కడ తగ్గించాలో తోచక, పైకి చదివి చూద్దామని నేనూ అక్కడే చేరాను.

"ఏం పుస్తకంరా అది?"

"నవల, దొడ్డమ్మా."

"నవలా అంటే ఆడది కదరా! పురాణం శాస్త్రులుగారు అలాగే చెప్పారు."

ఇది ఆ మాట కాదని, ఇంగ్లీషు నుంచి వచ్చిందని మూడు కారణాలతో నిరూపించాను. మూడవ కారణం పూర్తయ్యేసరికి పాతిక వత్తులయ్యాయి.

గ్రామసభలో వాదం జరిగే ఎనిమిదవ అధ్యాయంతో చదవడం మొదలుపెట్టాను. ఆవిడ ఊకొడుతూ, ముఖంలో ఎంతో ప్రసన్నతతో విన్నది. ఆ అధ్యాయం పూర్తి చేసి, "ఎలా ఉంది దొడ్డమ్మా?" అన్నాను.

"బ్రహ్మాండంగా ఉందిరా నాయనా! అయిదు కట్టలయ్యాయి. రేపు కూడా ఇదే చదువు, నా మొక్కు గట్టెక్కిపోతుంది."

"కథ వింటూ కూడా చెయ్యి అంత జోరుగా ఆడుతుందా?"

"కథయితే ఆడదురా. శాస్త్రులుగారు పురాణం చెప్పే వేళ సాయంత్రానికి ఒక కట్ట కూడా కాదు. నీ పుస్తకం అలా కాదు, పనికి అడ్డం రాదు."

ఆవిడ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. అయినా ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదని వక్తృత్వ సభలో నేర్చుకున్నాను కనుక మర్నాడు అధ్యాయాలు అటూ ఇటూ మార్చి చదివాను. ఎనిమిదవది మళ్ళీ అయిదు కట్టలు. గోదావరి వర్ణన మూడు. నాయకుడి సుగుణాలు రెండున్నర. ఒక్కచోట మాత్రం, గవ్వలాడుకుంటున్న ఎనిమిదేళ్ళ విజ్ఞానవతిని పెద్దవాళ్ళు వచ్చి ఆట మధ్యలో లేపి తీసుకుపోయే చిన్న ఘట్టంలో, ఆవిడ చేతిలోని దూది అలాగే ఉండిపోయింది. "గవ్వలు ఎవరు తీశారురా?" అంది. నేను రాయలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఘట్టంలో వాదన ఏదీ లేదని దాన్ని తీసివేయడానికి ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను.

ఆనాటి నుంచి నా దిద్దుబాటుకు ఆ బుట్టే ప్రమాణమైంది. మూడు కట్టలు దాటిన అధ్యాయాన్ని నిర్దాక్షిణ్యంగా కోశాను. ఒకటిన్నర దాటితే సగం తీశాను. పుస్తకం చిక్కినకొద్దీ వత్తులు తగ్గసాగాయి. "ఇదేంటిరా, నిన్న మూడు కట్టలిచ్చిన అధ్యాయం ఇవాళ ముప్ఫై వత్తులిచ్చింది! నువ్విలా బాగు చేసుకుంటూ పోతే స్వామికి నేనేం సమాధానం చెప్పనురా?" అని దొడ్డమ్మ నొచ్చుకుంది. పాపం, సాయంత్రాలు కూడా కూర్చుని లోటు పూడ్చుకునేది.

మిగిలింది విజ్ఞానవతి ఉపన్యాసం. 'నీకు పునర్వివాహం సమ్మతమేనా?' అని సభాధ్యక్షుడు అడిగితే ఆమె నలభై పుటలలో, పదకొండు కారణాలతో ఇచ్చే జవాబు. నా ప్రాణమంతా అందులోనే ఉంది. శివరాత్రి నాలుగు రోజుల్లో ఉందనగా దాన్ని చదివాను. నాలుగు కట్టలయ్యాయి.

"ఇదొక్కటీ తీయను దొడ్డమ్మా. ఆడదాని చేత మాట్లాడించడానికే కదా ఇదంతా రాసింది!"

"అది మాట్లాడలేదురా. దాని చీర కట్టుకుని నువ్వు మాట్లాడావు."

నాకు రోషం వచ్చింది. "అయితే అదేమంటుందో నువ్వు చెప్పు."

ఆవిడ చేతిలో దూది పక్కన పెట్టింది. విభూది అంటిన వేళ్ళు చెంగుకు తుడుచుకుంది.

"'ఇన్నాళ్ళకి అడిగారా?' అంటుంది. అంతే. అని కూర్చుంటుంది."

సభలో ఎవరినైనా కూర్చోబెట్టగలనని పేరున్నవాణ్ణి. ఆ రెండు మాటలు నన్నే కూర్చోబెట్టాయి. ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎవరితోనూ అని ఉండదు. అనే అవకాశం ఎవరూ ఇచ్చి ఉండరు. మూడేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్న నేను కూడా ఇవ్వలేదు. ఆ రాత్రికే నలభై పుటలు కొట్టివేసి, వాటి స్థానంలో ఆ ఒక్క వాక్యం రాశాను. ఈసారి గీత వంకరపోయినా పట్టించుకోలేదు.

శివరాత్రికి ముందురోజు పంతులుగారు నా ఎదుటే చదివారు. ఆ వాక్యం దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

"ఇది మీరే రాశారా?"

"లేదండి. మా దొడ్డమ్మ చెప్పిందండి."

"ఆవిడ చదువుకున్నారా?"

"లేదండి."

"అదీ సంగతి!" అని ఆయన ఎంతో ఊరటగా నిట్టూర్చి, "వేస్తున్నాను, వెళ్ళిరండి" అన్నారు. నేను కాకినాడ వెళ్ళవలసిన అవసరం తప్పిపోయింది.

అచ్చయిన మొదటి ప్రతిని దొడ్డమ్మకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. సభలో ఆ మాట అన్న మర్నాడు విజ్ఞానవతి మూటతో పడవ ఎక్కి కాలువ మలుపు తిరిగిపోవడంతో కథ ముగుస్తుంది. ఆవిడ కదలకుండా విని, "తరువాత ఏమైందిరా ఆ పిల్ల?" అంది.

"అక్కడితో అయిపోయింది దొడ్డమ్మా."

"నీకు అయిపోయింది. దానికెలా అయిపోతుంది? పాతికేళ్ళు కూడా లేవు దానికి."

ఎంత వెతికినా ఒక్క కారణమూ దొరకలేదు. "నాకు తెలియదు దొడ్డమ్మా" అన్నాను. ఆ మాట నా నోట వినడం అదే మొదటిసారని ఆవిడ వీధి వీధంతా చెప్పుకుని మురిసిపోయింది. నాతో మాత్రం, "తెలుసుకుని రాయి, తొందరేం లేదు" అంది. నాలుగు నవలలు రాశాను, జుట్టు నెరిసింది, ఆ పిల్ల సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియలేదు. 'తెలియదు' అన్నందుకు ఆ సాయంత్రమంతా సిగ్గుతో తల వంచుకుని తిరిగిన ఆ ఇరవయ్యేళ్ళ వక్త గుర్తుకు వస్తే నవ్వు వస్తుంది. వాడు నవలాకారుడైన రోజు అదేనని పాపం వాడికెవరూ చెప్పలేదు.