చర్చి గుమ్మంలో రొట్టె

మామ్మగారు పోయారు. పోయిన మంగళవారం నేను ఆఫీసులో ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసి, నిద్రలోనే వెళ్లిపోయిందని చెప్పింది. సెలవు అడిగితే మా మేనేజరు ఆశ్చర్యపోయాడు. తొంభై ఏళ్ల ఫ్రెంచి కాథలిక్కు ముసలావిడ నీకేమవుతుందన్నాడు. మామ్మ అవుతుందన్నాను.

చదువుల కోసం మాలాంటి వాళ్లం విమానాల కొద్దీ కెనడాలోని విన్నిపెగ్‌లో దిగిన రోజుల్లో పరిచయమైంది ఆవిడ. నేనూ, నా కరీంనగర్ రూమ్మేటూ ఆదివారం కూడా స్టోర్‌లో షిఫ్ట్ చేసేవాళ్లం. బస్టాపు ఎదురుగా పాత ఫ్రెంచి చర్చి. ఒక జనవరి పొద్దున చలికి కాళ్లు మొద్దుబారిపోయి లోపలికి దూరాం. జనం వరుసలో నిలబడి ఉన్నారు. "ప్రసాదం పెడ్తున్నరే, పా" అంది నా రూమ్మేటు. వెళ్లి కుడిచెయ్యి చాపి తీసుకున్నాం. కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాం.

చర్చి కమిటీ పెద్దాయన చూశాడు. మీరు కాథలిక్కులేనా అని అడిగాడు. కాదన్నాం. అంతే, అందరికీ వినబడేలా కేకలేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు చర్చి వంటగదిలోంచి ఏప్రన్‌తోనే వచ్చింది మామ్మగారు. "వాళ్లు కళ్లకద్దుకున్నారు. నువ్వు చూయింగ్ గమ్ నమిలినట్టు నములుతావు" అని ఆయన నోరు మూయించింది.

తర్వాత మా వైపు తిరిగింది. మమ్మల్నీ వదల్లేదు.

"అది క్రీస్తు శరీరమని మా నమ్మకం, కాథలిక్కులే తీసుకోవాలి. ఇంకోసారి తీసుకోవద్దు. కానీ చెయ్యి చాపినవాళ్లని ఉత్తచేతులతో పంపడం నాకు చేతకాదు. వచ్చే ఆదివారం రండి."

ఆ వారం ఆవిడ రొట్టె కాల్చింది. వాళ్ల నాయనమ్మ కాలంలో ఇళ్లవాళ్లు వంతులవారీగా రొట్టె తెస్తే, ఫాదర్ దీవించి, పూజ అయ్యాక గుమ్మంలో పంచేవారట. వరుసలో ఇచ్చే పలచటి అప్పం బిళ్ల వేరు, ఇది వేరు. దీన్ని ఎవరైనా తినొచ్చు. ఎప్పుడో ఆగిపోయిన ఆ ఆచారాన్ని కమిటీని అడక్కుండానే మళ్లీ మొదలుపెట్టింది. నైజీరియా నుంచి వచ్చిన ఫాదర్ నవ్వి దీవించాడు. పెద్దాయన మాత్రం "ఇది చర్చా, బేకరీయా?" అన్నాడు.

"ఇరవైమందిమి మిగిలాం. చర్చికి తాళం వేసే రోజున, ఇది బేకరీ కాదని తీర్మానం కూడా రాసుకో" అంది మామ్మగారు.

హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం పిల్లలు, గుడ్డు ముట్టని నా రూమ్మేటు కూడా తినాలని రొట్టెలో గుడ్డూ, పంది కొవ్వూ మానేసింది. గుమ్మంలో నిలబడి, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో "గుడ్డు లేదు, తిను తిను" అని అరిచేది. ప్రార్థన చెయ్యమని ఒక్కసారీ అనలేదు. చిన్న ముక్క తీసుకుంటే మాత్రం తిట్టేది.

సంగతి ఎవరో మా ఊరికి మోసేశారు. అమ్మ ఫోన్ చేసి "చర్చికి పోతున్నవంట, అండ్ల కలిసినవా ఏంది?" అంది. "లేదమ్మా, రొట్టె తింటున్న" అన్నాను. అది చెబితే మామ్మగారు పడీపడీ నవ్వింది.

"నువ్వు చర్చికి వచ్చావని మీ అమ్మకి బాధ. నా కూతురు రావడం మానేసిందని నాకు బాధ. మేమిద్దరం కలిసి ఒకసారి టీ తాగాలి."

ఒకప్పుడు చర్చి నడిపిన హాస్టల్ బడుల్లో ఇక్కడి ఆదివాసీ పిల్లలు పడిన బాధలు చదివాక, ఇక లోపల అడుగు పెట్టనని ఒట్టు వేసుకుందట ఆ కూతురు. "దాని కోపం న్యాయమే. కానీ ఈ చర్చి తాళం చెవి ఆ పెద్దాయన చేతిలో పెట్టి పోవడం నా వల్ల కాదు" అనేది మామ్మగారు.

నేను మతం మారలేదు. వెళ్లినందుకు మనవాళ్లూ, మారనందుకు చర్చివాళ్లూ నన్ను నిలదీశారు. ఇద్దరికీ ఒకటే జవాబు: ఆ రొట్టె తిన్నాను, మళ్లీ తింటాను.

శనివారం అంత్యక్రియలు. నేనూ, నా రూమ్మేటూ రొట్టెలు కాల్చి తీసుకెళ్లాం. పెద్దాయన అడ్డు నిలబడ్డాడు. "ఇవాళ వద్దు. కాల్చే మనిషే పోయింది, ఇంతటితో ఆపేద్దాం."

"ఆపం సార్. ఫాదర్ దీవించేశారు" అన్నాను. బుట్ట వదల్లేదు.

పూజ అయ్యేదాకా ఆవిడ కూతురు బయట మెట్ల మీదే, మంచులో నిలబడింది. వేసుకున్న ఒట్టు తప్పలేదు. నేనే బుట్ట తీసుకుని బయటికి వెళ్లాను.

"నేను నమ్మను" అంది.

"నేను మీ మతమే కాదు. నమ్ముతావా అని మీ అమ్మగారు ఎప్పుడూ అడగలేదు."

ఒక ముక్క తీసుకుంది. నమలడానికి చాలాసేపు పట్టింది. తర్వాత నా చేతుల్లోంచి బుట్ట తీసుకుని, గుమ్మంలోంచి బయటికి వస్తున్న ఒక్కొక్కరికీ పంచడం మొదలుపెట్టింది. అందరికంటే చివర పెద్దాయన వచ్చాడు. ఆమె బుట్ట ముందుకు చాపింది. ఆయన గ్లవ్ తీసి చెయ్యి చాపాడు.