జాకీ లేపుతది, మొయ్యదు

మా తోటికోడలు పోయిందన్న వార్త నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో, నేను పనిచేసే కోచింగ్ సెంటర్ ఆఫీసులో తెలిసింది. అడ్మిషన్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు కౌంటర్ ముందు కిక్కిరిసి ఉన్నారు. మా ఆయన ఫోను చేశాడు. "వదిన పోయింది. జల్ది రా" అని పెట్టేశాడు. పొద్దున ఛాతీలో మంటగా ఉందందట. ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట. మెట్రోలో ఎల్బీనగర్ దాకా నిలబడి వెళ్తుంటే నాకు మొదట మనసులో మెదిలింది ఆమె మొహం కాదు, ఫోనులో విన్న మా ఆయన గొంతు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు అంత బాధగా పలకడం నేనెప్పుడూ వినలేదు. అలాంటి వేళ కూడా నాకు కుళ్లే పుట్టింది. ఆమె గురించి రాస్తూ ఈ ముక్క దాచిపెట్టడం నావల్ల కాదు.

నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది. ఎవరికైనా చెప్పాల్సి వస్తే "మా యారాలు, తెనాలి పిల్ల" అనేది. తోటికోడలికి వాళ్ల వైపు మాట అది. ఆమెది నల్గొండ దగ్గర పల్లెటూరు. మా బావగారికి ఎల్బీనగర్‌లో కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆయన పక్కన నిలబడి పనిముట్లు అందిస్తూ అందిస్తూ ఆమె పని నేర్చుకుంది. ఆయన చిన్నవయసులోనే పోతే, షెడ్డు అమ్మేయమని చుట్టాలంతా చెప్పారు. అక్క వినలేదు. కొంగు నడుముకు చుట్టి స్పానర్ పట్టింది. మా ఆయన ఆమె దగ్గరే పని నేర్చుకుని ఆమెతోపాటే షెడ్డు నడిపాడు. వనస్థలిపురంలో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి నేను విన్నది ఒకటే మాట: "వదిన చెప్పింది." పిప్పిపన్ను చూపించుకోండని నేను నెల్లాళ్లు మొత్తుకున్నా కదలని మనిషి, ఆమె ఒక్కసారి "పన్ను చూపిచ్చుకో రా" అంటే ఆ సాయంత్రమే వెళ్లొచ్చాడు. మా అమ్మాయి హోంవర్కు ఆమె గడపలో కూర్చునే చేసేది. నేను గోంగూర పచ్చడి చేసి పంపితే, ఎంత కడిగినా గ్రీజు వాసన పోని వేళ్లతో కలుపుకుని తిని "ఉప్పు జర తక్కువైంది చెల్లె" అనేది. రుచి చూస్తే నిజంగానే తక్కువగా ఉండేది. అది ఇంకా మంట.

ఎవరూ ఇంకోలా అనుకోవద్దు. మా ఆయన ఆమెకు సొంత తమ్ముడితో సమానం. నా కుళ్లు ఆ రకం కాదు. ఆమె మాటకున్న విలువ నా మాటకు లేదే అన్న కుళ్లు.

ఒక ఆదివారం అన్నం బాక్సు తీసుకుని షెడ్డుకు వెళ్లాను. లోపల పసుపు రంగు స్పోర్ట్స్ కారు ఉంది. రెండే సీట్లు. ఎంత కిందికంటే, దాని పొట్టకూ నేలకూ మధ్య జానెడు జాగా లేదు. కర్మన్‌ఘాట్ వైపు వ్యాపారం చేసే కుర్రాడిది. క్లచ్ అరిగిపోయి గేరు పడటం లేదట. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. అది దించాలంటే మనిషి కారు కిందికి వెళ్లాలి. కారును నిలువెత్తు లేపే లిఫ్టు మా షెడ్డులో లేదు. అంతా జాకీల మీదే.

కుర్రాడు కుర్చీలో కూర్చుని సాయంత్రానికల్లా కావాలంటున్నాడు. మా ఆయన పలచటి జాకీ ఒకటి దూర్చి, ఒక పక్క లేపి, సగం ఒంటితో అప్పుడే కిందికి వెళ్లాడు. అక్క బయట చాయ్ తాగుతోంది. లోపలికి వచ్చి చూసింది.

"బయటికి రా."

"ఒక్క నిమిషం వదినా. బోల్టులు ఎట్లున్నయో చూసొస్త."

"చూసుడు తర్వాత. ముందుగాల బయటికి రా."

వచ్చేశాడు. నేను చెప్పి ఉంటే వచ్చేవాడా అనుకున్నాను.

"జాకీ గట్టిదే కదా అక్కా" అన్నాడు కుర్రాడు.

"జాకీ లేపుతది తమ్మీ, మొయ్యదు. మొయ్యనీకె వేరే ఉంటయి" అంది.

కారును కిందికి దింపించి మొదటి నుంచి మొదలుపెట్టింది. ముందు చక్రాలను మందపాటి చెక్కల మీదికి నెట్టించింది, జాకీ దూరేంత ఎత్తు రావాలని. హ్యాండ్‌బ్రేక్ లాగింది. వెనక చక్రాలు దొర్లకుండా దిమ్మెలు కొట్టింది. నేల మీద వెల్లకిలా పడుకుని చేయి చాపి కారు అడుగంతా తడిమింది. రేకు పలచగా ఉన్నచోట జాకీ పెడితే రేకు లోపలికి పోతుందట, కారు జారుతుందట. గట్టి చోటు దొరికాక జాకీ తల మీద రబ్బరు ముక్క పెట్టింది. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం లేపుతూ, ముందూ వెనకా ఇనప స్టాండ్లు నిలబెట్టి, కారు బరువంతా నెమ్మదిగా వాటిమీదికి దించింది. జాకీని ఊరికే ఆనించి ఉంచింది. అంత బరువు ఆమె ఒంటి చేత్తో కొట్టే హ్యాండిల్‌కు లేస్తుంటే బాక్సు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. నా చేతులు నాకే పనికిరానివిగా అనిపించాయి.

మా ఆయన కిందికి వెళ్లాడు. కాసేపటికి ఫట్‌మని చప్పుడైంది. ఆనించి ఉంచిన జాకీ సీలు పగిలి నూనె చిమ్మింది. జాకీ కూలబడిపోయింది.

కారు కదల్లేదు. స్టాండ్ల మీద అట్లాగే ఉంది.

మా ఆయన జరజరా బయటికి జారి వచ్చాడు. మొహమంతా నూనె. లేచి కూర్చుని మొదట అక్క వైపు చూశాడు. కట్టుకున్నదాన్ని, రెండడుగుల్లో నిలబడి ఉన్నాను. నా వైపు కాదు, ఆమె వైపు.

"నన్నేం చూస్తవ్ రా? గటు చూడు. ఆ పిల్ల మొఖంల నెత్తురు లేదు" అంది అక్క.

అప్పుడు చూశాడు. ఆమె చెప్తే చూశాడు.

నీళ్లు తాగి, మొహం తుడుచుకుని, వేరే జాకీ తెచ్చి పెట్టాక "ఇగ పోనా వదినా?" అన్నాడు.

"నన్నడుగకు. చెల్లె, నువ్వు రా. వచ్చి కారు ఊపు."

"నేనా? పడిపోతే?"

"పడేదుంటే కింద మనిషి లేనప్పుడే పడాలె. గందుకే ఊపేది. నీ మొగుడే గద పొయ్యేది, బలమంత పెట్టి ఊపు. నువ్వు సరే అంటెనే పోతడు."

బాక్సు కింద పెట్టాను. కారు పక్కకు భుజం ఆనించి నెట్టాను. వెనక నుంచి నెట్టాను. రెండు చేతులతో పట్టుకుని ఊపాను. గోడను నెట్టినట్టుంది. మా ఆయన చేతిలో స్పానర్‌తో నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, నేనేమంటానో అని.

"ఊఁ, వెళ్లండి" అన్నాను.

వెళ్లాడు. నా మాట కోసం ఆయన అట్లా ఆగడం అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా ఆదివారాలు షెడ్డుకు వెళితే అక్క "చెల్లె, జర ఊపిపో" అని పిలిచేది. నేను ఊపి సరే అన్నాకే ఆయన కిందికి వెళ్లేవాడు. నాకు కావలసింది నాకు దొరికింది. కానీ నేను ఎవరిని చూసి కుళ్లుకున్నానో ఆమె చేతి మీదుగానే దొరికింది. అందుకు ఆమెకు రుణపడ్డాను, అందుకే ఇంకా కుళ్లుకున్నాను.

ఆమె దేవత కాదు. పొగిడితే పొంగిపోయేది. ఆ కారు బాగయ్యాక కుర్రాడు "అక్కా, ఒక రౌండు రండి" అనగానే ఎక్కి కూర్చుని సాగర్ రోడ్డు దాకా వెళ్లొచ్చింది. జుట్టంతా చెదిరి, నవ్వుతూ దిగింది. నన్ను కూడా తిప్పి తీసుకురమ్మని ఒక్క మాట అనలేదు. అంటే ఎక్కేదాన్ని.

అక్కకు పిల్లల్లేరు, చితికి నిప్పు మా ఆయనే పెట్టాడు. తిరిగి వచ్చి షెడ్డులో నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కన కూర్చుని ఆయన వీపు మీద చేయి వేశాను. నేను పోతే ఇంతలా ఏడుస్తాడా అనుకున్నాను. అనుకోకుండా ఉండలేకపోయాను.

షెడ్డు ముందు ఇప్పుడు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎల్బీనగర్ మెకానిక్‌లంతా కలిసి కట్టించారు. ఆమెకు ఒంటరిగా మంచి ఫోటో దొరకలేదు. ఏదో పెళ్లిలో మేమిద్దరం పక్కపక్కన నిలబడి తీయించుకున్నది ఇస్తే నన్ను కత్తిరించి పెద్దది చేశారు. కట్టాక చూస్తే ఆమె భుజం మీద నా చేయి మిగిలిపోయింది, మణికట్టు దాకా, ఆకుపచ్చ గాజులతో.

"మల్ల ప్రింటు చేపిస్త. చెయ్యి తీసెయ్యమంట" అన్నాడు మా ఆయన.

"ఉండనివ్వండి" అన్నాను.

ఆయన సరేనన్నాడు. రోడ్డు మీద బస్సు వెళ్లినప్పుడల్లా ఆ ఫ్లెక్సీ గాలికి ఉబ్బుతుంది. అక్క కొంచెం ముందుకు వంగినట్టు ఉంటుంది. ఆ చేయి ఎవరిదో దారినపోయేవాళ్లకు తెలియదు.